ఇంటి ముందు జలపాతం – నీళ్ళు పోసేదెవరు?

ఈ మధ్య కర్నూల్లో గానీ కడపలో గానీ ఎవరి కొత్తింటికి వెళ్ళినా, దేవుడి గది, మాడ్యులర్ కిచెన్ చూపించాక మూడో వింతగా ఇంకోటి చూపిస్తున్నారు. కాంపౌండ్ గోడ మూలకి ఆనుకుని ఒక సిమెంటు కొండ, దాని మీంచి జారే నీళ్ళు, కింద చిన్న కొలను, అందులో నాలుగు ఎర్ర చేపలు. స్విచ్ వేయగానే నీళ్ళు దుముకుతాయి, రాళ్ళ సందుల్లో రంగు లైట్లు వెలుగుతాయి, పిల్లలు గంతులేస్తారు, వచ్చినవాళ్ళంతా ఫొటోలు దిగుతారు. బాగుంటుంది. బాగుండదని నేననను. కానీ అదే ఇంటికి రెండో ఎండాకాలం వెళ్ళి చూడండి. చాలా ఇళ్ళల్లో కొండ ఎండిపోయి ఉంటుంది, కొలనులో రాలిన ఆకులు, ఒక పాత బకెట్టు, పిల్లల బంతి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన సీమలో ఇంటి ముందు జలపాతం కట్టుకోవడం తప్పు కాదు. దానికి రోజూ నీళ్ళు పోసేదెవరు, పాచి తోమేదెవరు అన్నది తేల్చుకోకుండా కట్టడం తప్పు. ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో మనందరికీ తెలుసు కాబట్టి, ఈ విషయంలో ఇంటి ఆడవాళ్ళ మాట మేస్త్రీ రాకముందే వినాలి.

అసలు మనవాళ్ళకి ఈ కోరిక ఎందుకు పుట్టిందో నాకు బాగానే అర్థమవుతుంది. నీళ్ళు పుష్కలంగా ఉన్న ఊళ్ళవాళ్ళకి నీళ్ళ చప్పుడు ఒక విశేషం కాదు. మనకి మాత్రం యాగంటిలో నంది నోట్లోంచి పడే ధార చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. మహానంది కోనేట్లో అడుగున పడిన నాణెం కూడా కనిపించే నీళ్ళలో దిగితే పైకి రాబుద్ధి కాదు. ఎగువ అహోబిలం మెట్లెక్కుతుంటే కొండ మీంచి జారే నీళ్ళ కోసం ఎంత ఆయాసమైనా పడతాం. చుట్టూ ఎండ మండుతుంటే మధ్యలో నీళ్ళు కనబడటమే మనకి దైవదర్శనంలో సగం. అందుకే మన ఊళ్ళ పేర్లలో, వాగుల పేర్లలో కూడా నీళ్ళు ఊరే చోటుకి గుర్తుగా ‘బుగ్గ’ అన్న మాట ఉంటుంది. కడప ఊరి మధ్యలోంచి పోయే బుగ్గవంక చూడండి.

కడవలు మోసిన అవ్వల మనవరాళ్ళం మనం. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఇంటి ముందు నీళ్ళు గలగలమనాలని కోరుకుంటే దాన్ని డాబు అని కొట్టిపారేయలేను.

అయితే ఒక తేడా గమనించండి. మహానంది నీళ్ళు కోనేట్లో ఆగిపోవు. ఊట ఊరుతూనే ఉంటుంది, నిండిన నీళ్ళు బయటికి పారుతూనే ఉంటాయి. గుడి దాటాక అవి చుట్టుపక్కల అరటి తోటలకీ వరి పొలాలకీ పోతాయి. మనం కళ్ళారా చూసి మునిగిన నీళ్ళే రైతు మడిలో పారుతాయి. మనింటి సిమెంటు కొండ మీంచి పడే నీళ్ళు కిందికి వచ్చి, మోటరులో దూరి, మళ్ళీ పైకి పోయి పడతాయి. గంటకి ఎన్నిసార్లు తిరిగినా ఒక్క మొక్క కూడా తడవదు. నాకు మింగుడు పడనిది ఇదే.

ఈ కొండలు ఎలా కడతారో చూశారా? ముందు గుంత తవ్వి, కాంక్రీటు వేసి, లేదా మందపాటి రబ్బరు షీటు పరిచి కొలను చేస్తారు. వెనక ఇటుకలతో, ఇనుప కడ్డీలతో ఆకారం నిలబెట్టి, దాని మీద సన్న వలలాంటి ఇనుప జాలీ చుట్టి, సిమెంటు పట్టిస్తారు. సిమెంటు పచ్చిగా ఉండగానే నలిపిన ప్లాస్టిక్ కవరు అద్ది రాయిలాంటి ముడతలు తెస్తారు. ఆరాక గోధుమ రంగు, బూడిద రంగు పూస్తారు. కొత్తలో నిజం కొండే అనిపిస్తుంది. మన ఎండకి రెండు మూడేళ్ళలో రంగు వెలిసి, అక్కడక్కడా పగుళ్ళిచ్చి, లోపలి జాలీ తుప్పు పడితే అప్పుడు తెలుస్తుంది అది రాయి కాదని.

నాకు నవ్వొచ్చేదేమిటంటే, రాళ్ళకి కరువున్న ఊరు వాళ్ళు ఈ పని చేస్తే సరే అనుకోవచ్చు. మనకేం తక్కువ? భూగర్భ శాస్త్రవేత్తలు కోట్ల ఏళ్ళ నాటి మన రాళ్ళకి ‘కడప బేసిన్’, ‘కర్నూలు గ్రూపు’ అని మన ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు దగ్గర రాళ్ళు వాటంతటవే ఎంత అందంగా నిలబడి ఉన్నాయో చూడటానికి జనం టికెట్టు కొని పోతున్నారు. బేతంచర్ల బండలు, కడప బండలు దేశమంతా ఇళ్ళల్లో పరుచుకుంటున్నారు. ఆ పాలిషింగ్ ఫ్యాక్టరీల దగ్గర పగిలిపోయిన ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు పారేసిన గాజులు, పగిలిన పింగాణీ ఏరుకొచ్చి, 1957 నుంచి ఎవరికీ తెలియకుండా ఒక తోట కట్టాడు. 1976లో దాన్ని జనం కోసం తెరిచారు. జలపాతాలతో సహా అది ఇప్పటికీ ఉంది. మన చేతికందే చోట అసలు రాయి పారేసి ఉంటే, మనం ఇంట్లో సిమెంటుతో నకిలీ రాయి చేయించుకుంటున్నాం.

రాయి సంగతి అలా ఉంచి, నీళ్ళ లెక్కకి వద్దాం. ఇంటి ఖర్చు రాసుకునే మనకి లెక్కలు కొత్త కాదు.

పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు కొలను అనుకోండి. మన ఏప్రిల్, మే నెలల ఎండకి తెరిచి ఉన్న నీళ్ళు రోజుకి దగ్గర దగ్గర ఒక సెంటీమీటరు ఆవిరైపోతాయి. సెంటీమీటరే కదా అనిపిస్తుంది. ఆ కొలనులో ఒక సెంటీమీటరంటే 74 లీటర్లు. అంటే పదిహేను లీటర్ల బిందెలు ఐదు. పైనుంచి పడేటప్పుడు చింది పోయేవి, వడగాలికి ఎగిరిపోయే తుంపర్లు కలిపితే ఇంకా ఎక్కువ. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇవ్వాలని 2019లో మొదలుపెట్టిన జల్ జీవన్ మిషన్ ఒక మనిషికి రోజుకి లెక్కగట్టింది 55 లీటర్లు. తాగడానికి, వంటకి, స్నానానికి, అన్నిటికీ కలిపి. మన ఇంటి ముందు కొలను ఒక మనిషి వాటా కంటే ఎక్కువ గాలికి తాగించేస్తోందన్నమాట.

వాన పడినప్పుడు నిండుతుంది కదా అంటారు. మన వైపు ఏడాది మొత్తానికి పడే వాన ఆరేడు వందల మిల్లీమీటర్లు, అంటే రెండడుగుల చిల్లర. తెరిచి ఉన్న కొలను నుంచి ఏడాది పొడుగునా ఆవిరయ్యేది ఐదడుగుల పైమాటే. ఆకాశం ఇచ్చేదానికి రెట్టింపు పైగా తిరిగి పట్టుకుపోతుంది. ఆ తేడా పూడ్చేది మన బోరు, లేదా ట్యాంకరు.

కరెంటు లెక్క కూడా చిన్నదేం కాదు. అర హార్స్‌పవర్ మోటరు రోజుకి ఐదు గంటలు తిప్పితే రెండు యూనిట్లు దాటుతుంది. నెలకి అరవై యూనిట్ల పైమాటే. ఏసీ, కూలరు తిరిగే నెలల్లో ఇవి కలిస్తే బిల్లు పై శ్లాబులోకి పోతుంది.

ఇంకోటి, మన బోరు నీళ్ళ సంగతి మనకి తెలుసు. నీళ్ళు కాచే గిన్నె అడుగున, గీజరు లోపల తెల్లగా పేరుకునేది చూస్తూనే ఉన్నాం. సున్నపురాయి నేలలోంచి వచ్చే నీళ్ళు అవి. కొలనులో నీళ్ళు ఆవిరవుతాయి గానీ అందులో ఉన్న సున్నం, ఉప్పు ఆవిరవ్వవు. రోజూ పైన పోస్తూ పోతే కొలను నీళ్ళు రోజురోజుకీ చిక్కబడతాయి. కొండ మీద తెల్ల చారలు, మోటరు జల్లెడకి గడ్డలు. ఎండ నేరుగా పడితే పాచి.

ఇక ఈ పాచి ఎవరు తోముతారు?

మా చిన్నమ్మ వాళ్ళు కడపలో ఇల్లు కట్టుకుని నాలుగేళ్ళయింది. ముందు పెద్ద జలపాతం పెట్టించారు. చూసినవాళ్ళంతా “ఏం టేస్టు సార్ మీది” అని మా చిన్నాయనని మెచ్చుకుని పోయేవాళ్ళు. ఒకసారి వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు చిన్నమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. “ఇంటి ముందర ఇంకో పసిబిడ్డను కట్టించినాడు పాపా మీ చిన్నాయన. తోమి స్నానం చేయించేది నేనే, నీళ్ళు తాపేది నేనే, జబ్బు చేస్తే మెకానిక్కుకు ఫోను చేసేది నేనే. ముద్దు చేసేది మాత్రం ఊర్లోవాళ్ళు.”

ఇందులో అబద్ధమేముంది? మున్సిపాలిటీ నీళ్ళు వదిలే టైము ఆడవాళ్ళకే గుర్తుంటుంది. సంపు ఎంత నిండిందో మూత ఎత్తి చూసేది మనమే. పనమ్మాయికి “కొంచెం ఆ కొలను కూడా చూడమ్మా” అని చెప్పి, ఆమె ఒక్క చూపు చూసిందంటే తల దించుకునేది మనమే. చేపలు చస్తే పిల్లల ఏడుపు ఆపేది మనమే. కట్టించడం ఒక్క నెల పని, పోషించడం ఏళ్ళ తరబడి చాకిరీ. మొదటిది ఒకరి సరదా, రెండోది ఇంకొకరి బాధ్యత అయినప్పుడు ఆ రెండోవాళ్ళని అడగకుండా పని మొదలుపెట్టడం న్యాయం కాదు.

దోమల సంగతి మరీ ముఖ్యం. డెంగీ తెచ్చే దోమ మురుగులో కాదు, మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. వేడిగా ఉండే రోజుల్లో గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు. పట్నాల్లో మలేరియా మోసే దోమకి కూడా ఓవర్‌హెడ్ ట్యాంకులు, ఇంటి ముందు ఫౌంటెన్లు ఇష్టమైన చోట్లే. మోటరు తిరుగుతూ నీళ్ళు కదులుతున్నంత కాలం ఫర్వాలేదు. మోటరు పాడయి మెకానిక్ “రేపొస్తానమ్మా” అన్నాడంటే, ఆ రేపు వచ్చేలోగా దోమలు సిద్ధం. పైగా నీళ్ళు కదలకపోతే గాలి ఆడక చేపలు చస్తాయి. దోమ పిల్లల్ని తినేవి ఆ చేపలే.

నడక నేర్చే బిడ్డ ఉన్న ఇల్లయితే ఇంకా భయం. లోతు లేదు కదా అనుకోకండి. బోర్లా పడిన పసిబిడ్డకి అర అడుగు నీళ్ళు కూడా ప్రాణాపాయమే.

మన పెద్దలకి ఈ విషయాలు తెలియవా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు (భవదూరుడని ఇంకో పేరు) ఆ చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. ఆ శాసనంలో మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు లక్షణాలూ, ఉండకూడని ఆరు దోషాలూ రాసి పెట్టారు. దోషాలు వింటే మన ఇంటి కొలనులనే చూసి రాశారా అనిపిస్తుంది.

కట్టలోంచి నీళ్ళు ఊరిపోవడం ఒక దోషం. రెండో ఏడాదికి మన కొలనులకి వచ్చే జబ్బు ఇదే. ఉప్పు నేల ఇంకొకటి. మన బోరు నీళ్ళ సున్నం సంగతి పైన చెప్పాను. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం మరొకటి. కొలనుని కాంపౌండ్ గోడకి ఆనించి కట్టి, పక్కింటి గోడకి చెమ్మ ఎక్కి, ఇరుగుపొరుగు మాటలు మానేసిన ఇళ్ళు నాకు తెలుసు. చెరువు మధ్యలో మిట్ట ఉండటం నాలుగోది. మనం డబ్బిచ్చి మరీ నడిమధ్యలో రాళ్ళ గుట్ట పెట్టించుకుంటున్నాం! ఇక నీళ్ళు తక్కువై నేల ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై నేల చాలకపోవడం మిగతా రెండూ. నీళ్ళు తక్కువ, పరుపు ఎక్కువ అన్న దోషం మన సీమలో ప్రతి ఇంటి కొలనుకీ పుట్టుకతోనే ఉంది. ఆరున్నర శతాబ్దాల కిందట ఊరికోసం కట్టిన చెరువుకే ఇంత ఆలోచించారు. మనం మన ఇంటికోసం ఆమాత్రం ఆలోచించకూడదా?

“మా డబ్బు, మా బోరు, మీకేంటి నొప్పి?” అనే మాట కూడా విన్నాను. బోరు మనదే, దానికి లోపల గోడలు లేవు. మన మోటరు లాగేది పక్కింటి కిందున్న నీళ్ళు కూడా. అందుకే 2002లో వాల్టా చట్టం తెచ్చి, బోర్లకి రిజిస్ట్రేషను, అనుమతి అని నిబంధనలు పెట్టారు. చట్టం మాట వదిలేసినా, మే నెలలో వీధి కుళాయి దగ్గర బిందెలు వరసలో ఉన్నప్పుడు, గేటు లోపల నీళ్ళు దుముకుతున్న చప్పుడు బయటికి వినిపించడం ఆ ఇంటికి మర్యాద కాదు. ఇంట్లో చిన్నపిల్లలు చూస్తారు. నీళ్ళంటే ఏమిటో వాళ్ళు నేర్చుకునేది మన మాటల్లోంచి కాదు, మన వాకిట్లోంచి.

అలాగని వద్దే వద్దు అని నేననను. కావాలంటే మన నేలకి తగ్గట్టు కట్టుకునే దారి ఉంది.

మొట్టమొదట వాననీటి గుంత. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడినా 50,000 లీటర్ల పైన నీళ్ళు. అవి రోడ్డు మీదికి పోతుంటే, కింద ట్యాంకరు నీళ్ళతో జలపాతం నడపడంలో అర్థం లేదు. మిద్దె నీళ్ళు సంపులోకి, మిగిలినవి ఇంకుడు గుంతలోకి పోయే ఏర్పాటయ్యాకే మిగతా మాట.

రెండోది, తెరిచిన కొలను అసలు వద్దు. నీళ్ళు పడే చోట చిన్న సంపు తవ్వి, పైన గట్టి ఇనుప జల్లెడ వేసి, దాని మీద గులకరాళ్ళు పరిపించండి. ధార రాళ్ళ మీద పడి సందుల్లోంచి కిందికి దిగిపోతుంది, మోటరు అక్కడినుంచి పైకి తోస్తుంది. చప్పుడు అదే, చల్లదనం అదే. ఎండ తగిలే నీళ్ళు తక్కువ కాబట్టి ఆవిరి తక్కువ, బిడ్డ పడుతుందన్న భయం లేదు. దోమలు దూరకుండా జల్లెడ కింద సన్న జాలీ వేయించండి.

మూడోది, రెండు మూడడుగుల ఎత్తు చాలు. ఎత్తు పెరిగేకొద్దీ మోటరు పెద్దది కావాలి, చిందడం పెరుగుతుంది. సిమెంటు కొండ బదులు బేతంచర్ల ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, చివర ఒక నల్ల కడప బండ పెట్టి చూడండి. తడిసిన కడప బండ నలుపుకి ఏ రంగూ సాటి రాదు. రంగు వెలుస్తుందన్న బాధ లేదు. పడమటి ఎండ తగలని చోట, వేపచెట్టు నీడకి కాస్త ఎడంగా పెట్టించండి. మరీ కిందైతే ఆకులు ఏరుకోలేక చస్తాం.

నాలుగోది, రోజంతా కాదు, సాయంత్రం ఇంట్లోవాళ్ళంతా వాకిట్లో కూచునే ఒక గంటో గంటన్నరో నడపండి. మోటరు లైనుకి ఆర్‌సీసీబీ తప్పనిసరిగా వేయించండి. నీళ్ళూ కరెంటూ కలిసే చోట ఇది లేకపోతే ఎంత అందమైనా వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఐదోది. పదిహేను రోజులకోసారి ఆ నీళ్ళు మొక్కలకి వదిలే పైపు ఒకటి ముందే పెట్టించండి. అరటికో, కొబ్బరికో, కరివేపాకుకో పోనివ్వండి. ఉప్పు చిక్కబడకముందే మార్చినట్టూ ఉంటుంది, నీళ్ళు వృథా కానట్టూ ఉంటుంది. నంద్యాల దగ్గర పల్లెలో మా అవ్వ వాళ్ళింట్లో బావి పక్కన కడప బండలతో కట్టిన తొట్టి ఉండేది. తొట్టి నిండి పొర్లిన నీళ్ళు బట్టలుతికే బండ మీదికి, అక్కడినుంచి చిన్న కాలవలో అరటి పాదుకి, చివర మిగిలిన తడి కనకాంబరాలకి. ఒక్క నీళ్ళు మూడు పనులు చేసేవి. బండ మీంచి కాలవలోకి జారేటప్పుడు చప్పుడూ ఉండేది. అది జలపాతమని ఎవరూ పేరు పెట్టలేదంతే. పిట్టలు అక్కడే తాగేవి. పిట్టల కోసమే కొలను అనేవాళ్ళకి కూడా చెబుతున్నా, ఒక మట్టి మూకుడు నీళ్ళు రోజూ మార్చి పెడితే వాటికి అదే చాలు.

కాబట్టి కొత్తిల్లు కడుతున్న అక్కలకీ చెల్లెళ్ళకీ ఒక్క మాట. ప్లాను కాగితం మీద ఈశాన్యం మూల నీలం రంగు వేసి “ఇక్కడ వాటర్‌ఫాల్” అని చూపించగానే బాగుందని తల ఊపకండి. నీళ్ళెక్కడివి, ఏ రోజు ఎవరు తోముతారు, మోటరు ఆగితే ఎవరు చూస్తారు, ఆ నీళ్ళు చివరికి ఏ మొక్కకి పోతాయి – ఈ నాలుగూ అడగండి. నాలుగింటికీ జవాబుంటే, అందులో మీ పేరు ఒక్కటే కాకుండా ఇంట్లో అందరి పేర్లూ ఉంటే, హాయిగా కట్టించుకోండి. లేదంటే ఆ మూల ఒక పారిజాతం మొక్క నాటి, పాదు చుట్టూ నాలుగు బేతంచర్ల బండలు వేసుకోండి. వంటింటి నీళ్ళతోనే పెరుగుతుంది, పొద్దున్నే వాకిలి నిండా పూలు రాలుస్తుంది.